అర చెయ్యి ఎడమకి

నమోదు 1

ఈ లాగ్ రాయమన్నది మీరే. పందెంలో దిగిన ప్రతివాడూ రోజూ తన నడక రాసి మీ రవాణా మండలికి పంపాలట, లేకపోతే పేరు కొట్టేస్తారట. సరే, రాస్తున్నాను. చదివేవాళ్లకి కళ్లు మండితే నా పూచీ లేదు.

పేరు కర్రి గవరయ్య. వయసు యాభై ఎనిమిది. ఉండేది గాజువాకలో, మూడో అంతస్తులో. బస్సు తోలింది ఇరవయ్యారేళ్లు. బండ్లు తమంతట తామే నడవడం మొదలెట్టాక మా డిపోలో స్టీరింగులన్నీ ఊడబీకి షెడ్డు వెనక గుట్టగా పోశారు. అవి తుప్పు పట్టడం కూడా నేను చూశాను. ఏడేళ్లుగా నా చేతులకి పని లేదు.

గుమ్మలోవ కొండ మీదికి మాత్రం మీ తెలివైన బండ్లు వెళ్లలేకపోయాయి. మంచు పడితే చాలు, మలుపులో ఆగిపోయి మొండి గొడ్డులా కదలనంటాయి. అందుకే పద్నాలుగు మలుపుల ఆ దారికి ఒక్క బస్సు ఇంకా చేత్తో తోలేది ఉంది. దాని డ్రైవరు మోకాళ్లు అరిగి దిగిపోయాడు. ఆ సీటు ఎవరికివ్వాలో తెలియకపోతే తోలినవాళ్లని పిలిచి అడగాలి. మీరేం చేశారు? ఆ కొండ దారిని అచ్చు గుద్దినట్టు యంత్రంలోకి దించి, అది కనపడేలా ఇంట్లో కళ్లకి డబ్బా కట్టుకుని పందెం ఆడమన్నారు. ఐదు ఆదివారాలు సాధన, ఆరో ఆదివారం అసలు పందెం. ఆ రోజు మొదట వచ్చినవాడికే సీటు.

నాకు ఆ సీటు కావాలి. దాని కోసం డబ్బా కాదు, బొగ్గుల కుంపటి నెత్తిన పెట్టుకోమన్నా పెట్టుకుంటాను. ఈ మాట ఒక్కసారే చెబుతాను, మళ్లీ బతిమాలను.

నమోదు 2

తోడుగొంతు పేరు అడిగారు. పందెం ఆడేవాడి పక్కన మనిషొకరు కూర్చుని, వెనక అద్దంలా చూపించే తెర చూసి దారి చెప్పాలి. సీటు గెలిస్తే ఆ తోడుగొంతుకే కండక్టరు ఉద్యోగం. ఇదొక్కటే మీరు బుద్ధిగా చేసిన పని.

నా తోడుగొంతు లంక సింహాచలం గారు. పేరు చూసి మగవాడనుకుని ఫారంలో 'శ్రీ' అని రాశారు. ఆవిడ ఆడమనిషి. మా వైపు ఆడవాళ్లకీ ఆ పేరుంటుంది, కాస్త తెలుసుకోండి. ఇరవయ్యారేళ్లూ నా బస్సుకి ఆవిడే కండక్టరు. అన్నేళ్లలో మేం పోట్లాడని రోజు నాకు గుర్తులేదు. డిపో మూసేశాక పిండిమరలో సంచులు కుడుతోంది. అడగ్గానే, "ఒస్తానండి డ్రైవరు గారూ. ఆ సంచులు కుట్టి కుట్టి నడుం ఇరిగిపోతంది," అంది.

నమోదు 4

మీరు పంపిన చక్రం బిగించడానికి ఇంట్లో గట్టి బల్ల లేదు. మా ఆవిడ కుట్టుమిషను బల్లకి బిగించాను. ఆవిడ రెండు రోజులుగా నాతో మాట్లాడడం లేదు. బ్రేకు తొక్కితే పెడళ్లు గచ్చు మీద జారి గోడ దాకా పోతున్నాయి. వెనక బియ్యం బస్తా అడ్డం పెట్టాను.

డబ్బా కట్టుకుంటే అయిదో మలుపుకి కడుపులో తిప్పుతుంది. చెమటకి అద్దాలు మసకబారతాయి. కళ్లజోడు పట్టదు. మొహానికి ఎదురుగా ఫ్యాను పెట్టుకుంటే వాంతులు తగ్గుతాయని నాలుగో అంతస్తు పురుషోత్తం గారు సలహా ఇచ్చారు. ఆయన బస్సుని టిక్కెట్టు కొనుక్కుని ఎక్కడమే తప్ప తోలిన మనిషి కాదు. బీమా కంపెనీలో లెక్కలు చూసి రిటైరయ్యారు. ఇంట్లో బండి కుదుపులకి తగ్గట్టు ఊగే కుర్చీ, మూడు తెరలు, చేతులకి తొడుగులు పెట్టుకుని కూర్చున్నారు. ఆయనకీ ఆ సీటే కావాలట. సరదాట! ఆ కొండ మీది ఏడు వందల మంది ప్రాణాలతో సరదా. ఫ్యాను మాత్రం పనిచేసింది, అదే నాకు మరీ మంట.

నమోదు 7

మొదటి ఆదివారం. పన్నెండు మందిలో పదకొండోవాణ్ణి. పన్నెండోవాడి ఇంట్లో కరెంటు వంతు అయిపోయి మధ్యలో ఆగిపోయాడు, లేకపోతే అదీ నాకే దక్కేది.

మూడో మలుపులో చక్రం నా చేతిలోంచి తనంతట తాను కుడికి గుంజుకుంది. ఎక్కేటప్పుడు కుడి పక్కే లోయ. పడ్డాను. మళ్లీ మొదలెట్టాను. ఏడో మలుపులో మళ్లీ అదే. పక్కన సింహాచలం గారు నెత్తి కొట్టుకుంటూ, "ఏటండి డ్రైవరు గారూ, రోడ్డంతా ఒదిలీసి కుడికి పోతన్నారు?" అని అరిచింది.

"నేను పోవడం లేదు, అది పోతోంది!" అన్నాను.

సాయంత్రం మెట్ల మీద పురుషోత్తం గారు కనిపించి, "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు ఉంది గవరయ్య గారూ," అని నవ్వారు. ఆయన రెండోవాడిగా వచ్చారు మరి, ఎంతైనా నవ్వుతారు.

నమోదు 10

చక్రం విప్పి మళ్లీ బిగించాను. బల్ల కాళ్ల కింద అట్టముక్కలు పెట్టాను. డబ్బా తుడిచాను. కుట్టుమిషనుని తిట్టాను. మా ఆవిడ నన్ను తిట్టింది. అయినా అదే తీరు, బండి సాఫీగా పోతూ పోతూ హఠాత్తుగా కుడికి.

మీకు ఫిర్యాదు పంపితే 'చేతి వణుకు పరీక్ష చేయించుకోండి' అని జవాబిచ్చారు. నా చెయ్యి వణకదు. కావాలంటే రండి, మీ చెంప మీద చూపిస్తాను.

నమోదు 12

దొరికింది.

ఈ పొద్దున సింహాచలం గారు తెర చూసుకుంటూ ఉంది, నేను డబ్బా తీసి మొహం తుడుచుకుంటున్నాను. చక్రం మీద ఎవరి చెయ్యీ లేదు. వెనక బండి పక్కకి తప్పుకోవడం చూసి ఆవిడ అలవాటుగా, "రైట్ రైట్," అంది. నా కళ్ల ముందే చక్రం గిర్రున కుడికి తిరిగింది.

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"ఏదీ, మళ్లీ అనండి," అన్నాను.

"నానేటన్నాను? రైట్ రైటన్నాను."

చక్రం మళ్లీ తిరిగింది.

మండలివారూ, మీ కోసం చెబుతున్నాను. మా బస్సుల్లో రైట్ రైట్ అంటే కుడి కాదు. తలుపు వేశాను, అందరూ ఎక్కారు, వెనక ఖాళీగా ఉంది, ఇక పోనియ్ అని. పుట్టి బుద్ధెరిగిన ప్రతి మనిషికీ ఇది తెలుసు. మీ యంత్రానికి తెలియదు. యాభై అయిదు దాటినవాళ్లకి చేతులు మందగిస్తాయని, తోడుగొంతు చెప్పిన వైపుకి చక్రాన్ని అదే తిప్పేలా 'సాయం' పెట్టారట. ఎవడడిగాడు మీ సాయం?

నమోదు 14

మీ జవాబు వచ్చింది. 'పదకోశం ప్రకారం రైట్ అనగా కుడి. యాభై అయిదు దాటినవారికి సాయం తీసివేయడం కుదరదు. ఇబ్బందిగా ఉంటే తోడుగొంతును మార్చుకుని యంత్రగొంతు పెట్టుకోవచ్చు.'

మార్చుకుంటే సింహాచలం గారికి కండక్టరు ఉద్యోగం ఉండదు. ఆ విషయం మీరు రాయలేదు, నేనే నిబంధనలు తిరగేసి చూశాను. పురుషోత్తం గారు మొదటి నుంచీ యంత్రగొంతే వాడుతున్నారు. ఆయనకి కండక్టరుతో పనేముంది?

ఒక పూటంతా ఆలోచించాను. ఇది రాయకూడదు, అయినా రాస్తున్నాను. ఆవిడ రాని వేళ చూసి యంత్రగొంతు పెట్టి ఒక చుట్టు వేశాను. అది, 'వెనుక మార్గం సుగమం' అంది. నా కాలు పెడలు మీద అలాగే ఉండిపోయింది. ఇరవయ్యారేళ్లు ఒక్క మాటకే కదిలిన కాలు అది. తీసి పారేశాను. ఆవిడ మీద జాలితో కాదు, అది గుర్తుంచుకోండి.

నమోదు 16

మాట మార్చి చూద్దామన్నాను. పోనీ అనమన్నాను. సింహాచలం గారు పోనీ అనే ముందు ప్రతిసారీ 'రై' అని నాలుక కరుచుకుంటోంది. ఆ 'రై'కే చక్రం సగం తిరుగుతోంది. పదండి అనమంటే నాకు నవ్వొచ్చి మలుపు తప్పింది.

"ఒక్క మాట మార్చుకోలేరా?" అని అరిచాను.

"ఇరవయ్యారేళ్ల నోరండి ఇది. ఒక్కరోజులో మారిపోద్దేటి? మీరు మారండి!" అని అంతకన్నా గట్టిగా అరిచింది. చీర కొంగు దులుపుకుని వెళ్లిపోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటులా అదే సమయానికి కరెంటు వంతు అయిపోయింది.

నమోదు 17

ఆవిడ చెప్పిందే నిజం. నేనే మారాలి.

యంత్రం కుడికి లాగుతుందని ముందే తెలుసు. ఎంత లాగుతుందో కూడా తెలుసు, సరిగ్గా అర చెయ్యి, అంటే చక్రం అంచు వెంట జానెడు. రైట్ రైట్ అని వినపడగానే నేను అర చెయ్యి ఎడమకి లాగితే లెక్క సరిపోతుంది, బండి తిన్నగా పోతుంది. ముల్లుని ముల్లుతోనే తియ్యాలి.

సింహాచలం గారికి కబురు పంపాను. క్షమాపణ చెప్పలేదు, రమ్మన్నాను. వచ్చింది.

నమోదు 24

రోజుకి నాలుగు వందల సార్లు. ఆవిడ రైట్ రైట్ అంటుంది, నేను అర చెయ్యి ఎడమకి. మా ఆవిడ చెవుల్లో దూది పెట్టుకుంది. మూడు రోజుల కిందటి ఆదివారం ఆరోవాణ్ణి. అప్పటికింకా చెయ్యి ఆలోచించి వెళ్తోంది, ఆ ఆలోచించడంలోనే ఆలస్యం. ఇవాళ చూస్తే, ఆలోచన లేకుండానే వెళ్తోంది.

నమోదు 35

ఐదో ఆదివారం మూడోవాణ్ణి. ముందు పురుషోత్తం గారు, ఆయన ముందు మధురవాడ నుంచి ఎవరో. మెట్ల మీద పురుషోత్తం గారు ఈసారి నవ్వలేదు. "మీ సాయం ఇంకా లాగుతోందిగా, ఎలా తోలుతున్నారు?" అని అడిగారు. చెప్పలేదు. ఊగే కుర్చీలో ఊగుతూ కనిపెట్టుకోమన్నాను.

నమోదు 38

మా ఆవిడ ఫోనులో చెల్లెలితో మాట్లాడుతూ, "రైట్, రైట్, అలాగే," అంది. నా చేతిలో టీ గ్లాసు ఎడమకి పోయి గోడకి కొట్టుకుంది. మా ఆవిడ విరగబడి నవ్వింది. నెల రోజుల తరవాత నాతో నవ్వింది కదా అని నేనూ నవ్వాను.

నమోదు 42

గెలిచాను.

మధురవాడ మనిషి పదో మలుపులో గుద్దుకుని వెనకబడ్డాడు. దిగేటప్పుడు ఆఖరి మలుపు దాకా పురుషోత్తం గారి బస్సు నా పక్కనే, అద్దానికి అద్దం. సింహాచలం గారు తెరకి ముక్కు ఆనించి చూస్తూ, సరిగ్గా ఖాళీ దొరికినప్పుడు, "రైట్ రైట్!" అని ఒక్క కేక పెట్టింది. చక్రం కుడికి, నా చెయ్యి ఎడమకి, బండి బాణంలా తిన్నగా పోయింది. ఒక బస్సు పొడుగు తేడా.

డబ్బా తీసేసరికి సింహాచలం గారు బియ్యం బస్తా మీద కూర్చుని ఏడుస్తోంది. నాకూ ఏడుపొచ్చింది. మండలివారూ, ఈ ఒక్కరోజుకి మిమ్మల్ని తిట్టను.

నమోదు 44

గుమ్మలోవ బస్సు. నిజం స్టీరింగు. డీజిలు వాసన. ఏడేళ్ల తరవాత సీటులో కూర్చుంటే నడుం తనంతట తానే నిటారుగా అయింది. సింహాచలం గారు మెడలో సంచీ వేసుకుని, విజిలు నోట్లో పెట్టుకుని తీసి, పెట్టుకుని తీసి, చూసుకుంటోంది.

పొద్దున ఎనిమిదికి బయలుదేరాం. ఎక్కేటప్పుడు రెండు చోట్ల మనుషుల్ని ఎక్కించుకుని కదిలించగానే ఎడమ టైరు కాలవ గట్టుకి రాసుకుంది. స్టీరింగు వదులై ఆడుతోందనుకున్నాను. పాత బండి కదా, మెకానిక్కుని తిట్టుకున్నాను.

దిగేటప్పుడు ముప్పై ఒక్క మంది. దిగేటప్పుడు లోయ ఎడమ పక్క. తొమ్మిదో మలుపు దగ్గర ఒక ముసలమ్మ కొండచీపుర్ల మోపుతో చెయ్యెత్తింది. ఆపాను. మోపు పైకి లాగారు, ముసలమ్మ ఎక్కింది, తలుపు పడింది. వెనక నుంచి సింహాచలం గారు, "రైట్ రైట్," అంది.

నా చెయ్యి ఎడమకి వెళ్లింది.

ఇక్కడ కుడికి లాగే యంత్రం లేదు. చక్రం అర చెయ్యీ ఎడమకే తిరిగింది. ముందు టైరు రోడ్డు దిగింది. బ్రేకు తొక్కేసరికి బస్సు ఒరిగి, కింద రోడ్డు పనివాళ్లు వదిలేసిన బండరాయికి ఆనుకుని ఆగింది. ఆ రాయి అవతల ఏమీ లేదు, మంచే.

అందరినీ ఒక్కొక్కరినే నా పక్క తలుపు లోంచి దింపాం. ముసలమ్మ చీపుర్లు వదలనంటే మోపుతో సహా దింపాం. మగవాళ్లు తాళ్లు కట్టి బస్సుని రోడ్డు మీదికి లాగారు. ఒక్కరూ నన్ను ఒక్క మాటనలేదు. బ్రేకు పట్టలేదేమోలే అన్నారు. తాగమని నీళ్లిచ్చారు. తిట్టి ఉంటే బాగుండేది.

మిగతా దారంతా వాళ్లు నడిచి దిగారు. ఖాళీ బస్సుని నేను కిందికి తెచ్చాను.

నమోదు 45

బస్సు షెడ్డులో ఉంది. ఇంజను ఆపి సీటులో కూర్చున్నాను. సింహాచలం గారిని వెనక నిలబడి ఆ మాట పదిసార్లు అనమన్నాను. కదపకూడదని గట్టిగా అనుకుని కూర్చున్నాను. తొమ్మిదిసార్లు చెయ్యి ఎడమకి వెళ్లింది. పదోసారి దాన్ని తొడ కింద పెట్టుకుని కూర్చున్నాను.

"రాయొద్దండి. ఎవులికీ తెల్దు," అంది ఆవిడ. "నాను నోరు మూసుకుంటాను. విజిలే ఊదుతాను. మాటే అనను."

"మీరు అనకపోతే సరిపోతుందా? ఎక్కిన ప్రతివాడూ అంటాడు. పిల్లలంటారు. చీపుర్ల ముసలమ్మ అంటుంది. ఊరంతటి నోరూ మీరు మూస్తారా?"

ఆవిడ విజిలు సంచీలో పడేసింది. "మరి మీరేటి సేస్తారు?" అంది. ఇరవయ్యారేళ్లలో ఆవిడ నన్ను పోట్లాట లేకుండా అడిగిన మొదటి ప్రశ్న అదేననుకుంటాను.

మండలివారూ, ఈ నమోదు చదివితే మీరు నా లైసెన్సు తీసేస్తారు. తీసెయ్యండి. అందుకే రాస్తున్నాను. నా చేతులు ఇరవయ్యారేళ్లు ఒక్క ప్రాణం తియ్యలేదు. వాటిని నలభై రోజుల్లో పాడుచేశారు. సగం తప్పు మీది. మిగతా సగం నాది, గెలవాలన్న పంతంతో తప్పుని సరిదిద్దకుండా దానికి అలవాటు పడ్డాను. నా సగం నేను కడుతున్నాను. మీ సగం సంగతి మీరు చూసుకోండి.

సీటు రెండోవాడికివ్వండి. అంటే పురుషోత్తం గారికి. ఈ పేరు రాయడానికి నాకు ఎంత కష్టమైందో ఆ దేవుడికే తెలుసు. కండక్టరుగా సింహాచలం గారినే ఉంచాలి. ఉంచకపోతే ఈ నమోదులన్నీ అచ్చు వేయించి గుమ్మలోవ గోడలకి అంటిస్తాను.

నమోదు 46, ఆఖరిది

ఈ పొద్దున నాలుగో అంతస్తు ఎక్కాను. బస్సు తాళంచెవి పురుషోత్తం గారి చేతిలో పెట్టాను. జరిగింది చెప్పాను, దాచలేదు. ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకున్నారు. మొహంలో సరదా లేదు, భయం ఉంది. అది చూశాకే నాకు కాస్త నమ్మకం కలిగింది.

"నేను నిజం బస్సు ఎప్పుడూ తోలలేదండీ," అన్నారు.

"తెలుసు. నేర్పుతాను. పక్కన నిలబడతాను, చేతులు వెనక్కి కట్టుకుని."

"మొదట ఏం నేర్చుకోవాలి?"

"మీ చెవులకి ఆ యంత్రగొంతు అలవాటైంది, ముందు అది వదిలించుకోండి," అన్నాను. "వెనక ఒక ఆడమనిషి ఉంటుంది. ఆవిడ చెప్పేదాకా బండి కదలకూడదు."